మంచి గడ్డే, కాని ప్రాకినది

చెవి తమ్మె క్రింద గడ్డ లేచినదంటే మన ఇండ్లలో గవదబిళ్ళ అని పట్టు వేస్తారు. బరంపురములో మా మేనత్తగారికి 1996లో జరిగినది అదే. జ్వరము లేదు, నొప్పి లేదు. "నొప్పి లేనిదానికి డాక్టరెందుకురా?" అన్నారు. రెండేండ్లకు గడ్డ నిమ్మకాయంత అయినది. ఆపరేషనులో పైతోలు కోసి గడ్డను మాత్రము ఊడదీసినారు. రాచపుండు కాదని విని ఊపిరి పీల్చుకున్నాము.

2011లో పాత మచ్చ క్రింద అనపగింజలవలె నాలుగైదు తేలినవి. 2013లో మెడలో రెండు బిళ్ళలు. వాటిని తీసి పరీక్షకు పంపగా వచ్చిన ఇంగ్లీషు రిపోర్టు చదువవలసినవారము మేమే. 'బినైన్' అని ఒకచోట, 'మెటాస్టాసిస్' అని మరొకచోట. ఒకటి అపాయము లేనిదని, రెండవది వేరొకచోటికి ప్రాకినదని. గుమాస్తా బుద్ధి కదా, టైపు తప్పేమో అనుకున్నాము. తప్పు కాదట.

లాలాజల గ్రంథులలో వచ్చే గడ్డలు ఎక్కువగా చెవి ముందరి గ్రంథిలోనే వస్తవి, వాటిలోనూ అధికభాగము మంచివే. అన్నిటికంటె సాధారణమైనది ప్లియోమార్ఫిక్ ఎడినోమా. చూచుటకు గుండ్రముగా, సులువుగా ఊడివచ్చేటట్లుంటుంది. మోసమంతా అక్కడే. దాని పైపొర పలుచన. అక్కడక్కడ వ్రేళ్లవలె బయటికి పొడుచుకొని ఉంటుంది. గడ్డను ఒలిచితే ఆ వ్రేళ్లు లోపలే మిగులుతవి, పొర చిట్లితే కణాలు చిందుతవి. అందుచేత ఇప్పుడు చుట్టునున్న గ్రంథిభాగముతో కలిపి తీస్తారు. ఇదీ తేలిక కాదు. ముఖమును కదిలించే నరము ఆ గ్రంథిలోనే కొమ్మలుగా చీలుతుంది.

మరల మరల మొలచిన గడ్డ, బహు అరుదుగా, ఏండ్లు గడిచిన పిమ్మట ఎముకలకు, ఊపిరితిత్తులకు, మెడలోని లింఫు గ్రంథులకు చేరుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అక్కడా అవే మంచి కణాలు. పాత గడ్డ క్యాన్సరుగా మారుటయు కలదు గాని అది వేరు. అందులో కణాల స్వభావమే మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 జాబితాలో ఈ ప్రాకే రకమును చెడ్డ కంతుల వరుసలో ఉంచి, 2017లో మామూలు ఎడినోమా క్రిందికి మార్చినది. మా ఆఫీసులో ఫైలు సెక్షను మారినట్లే! పేరు మంచిదైనను దీనివలన ప్రాణము పోయినవారున్నారు.

"ఏమిరా, ఆ కాగితములో ఏముంది?" అని మేనత్తగారు అడిగినప్పుడు మేము సగమే చెప్పినాము. మిగతా సగము ఆమె డాక్టరునే అడిగి తెలుసుకున్నారు. ఆ తరువాత మాతో మూడురోజులు మాట్లాడలేదు.

రెండవ ఆపరేషను తరువాత ఆమె పెదవి మూల కొంచెము జారినది. కాఫీ ఆ ప్రక్కనుండి కారుతుందని గ్లాసు మానుకొని చెంచాతో త్రాగుతారు. ఏటేటా మెడ చూపించుకొని, ఛాతీ ఫోటో తీయించుకుంటారు. 1998 నాటి మొదటి చీటీ మొదలుకొని కాగితాలన్నిటికీ ట్యాగు వేసి, ఇప్పుడు ఆమెయే తమ ట్రంకుపెట్టెలో ఉంచుకున్నారు, తాళము మాకివ్వరు.