నీటి రుచికి మూడు గ్లాసుల పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల కాలనీలలో కుళాయి ఉన్న ఇంటికి కూడ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను వచ్చుట మామూలు విషయము. కారణమడిగితే, "క్యాను నీళ్ళు తియ్యగా ఉంటవి" అని చెప్పుదురు. ఈ మాట నిజమేనా? నాలుక ఇచ్చిన తీర్పును నమ్ముటకు ముందు నాలుకనే పరీక్షించుట ఎట్లో తెలిసికొందము.

స్వచ్ఛమైన నీటికి రుచి లేదని చదివియున్నాము. కాని మనము త్రాగునది కేవలము నీరు కాదు. కాల్షియము, మెగ్నీషియము, సోడియము మొదలగు వాని లవణములు అందులో కరగియుండును. 2004లో కృష్ణా జలములు హైదరాబాదు నగరమునకు వచ్చినవి. నల్లగొండ జిల్లాలోని కోదండాపురము వద్ద శుద్ధియైన ఆ నీరు గొట్టముల ద్వారా ఎల్.బి.నగర్ సమీపములోని సాహెబ్‌నగర్‌కు చేరును. దారిలో సూక్ష్మజీవులు పెరుగకుండ అందులో క్లోరిను కలుపుదురు. ఆర్.ఓ. యంత్రమో, నీటిలోని లవణములను చాల వరకు తీసివేయును. కనుక రెండు నీళ్ళకు భేదముండుటకు ఆస్కారమున్నది. ఆ భేదము మన నాలుకకు తెలియునా అన్నదే ప్రశ్న.

ఇట్టి ప్రశ్నే బీరు తయారుచేయువారికి ఎదురయినది. బీరులో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. నీరో, ధాన్యమో కొంచెము మారినచో త్రాగువాడు గుర్తించునా? సీసా మీది పేరు, ధర చూచినవాడు ముందే ఒక అభిప్రాయము ఏర్పరచుకొనును. ఆపై రుచి కూడ ఆ అభిప్రాయమునే అనుసరించును. ఈ చిక్కును విడదీయుటకు 1940వ దశకములో కోపెన్‌హేగన్ నగరములోని కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారపు శాస్త్రజ్ఞులు త్రికోణ పరీక్షను వాడిరి. ఇంటిలో సీసా బీర్లను పోల్చి చూచు పెద్దలకు కూడ ఇదే సరియైన పద్ధతి. తెలంగాణలో 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదు. మనకు కావలసినది బీరు కాదు, ఆ పద్ధతి మాత్రమే.

ఒకే రకమైన మూడు గ్లాసులు తీసికొనుము. ఇంటిలో నిత్యము త్రాగుచున్న కుళాయి నీటిని రెండింటిలోను, క్యాను నీటిని మూడవదానిలోను పోయుము. మరియొకరికి కుళాయి నీరు ఒక గ్లాసులో, క్యాను నీరు రెండింటిలో ఇయ్యవలెను. వరుసను కూడ మార్చుచుండవలెను; ఆరు వరుసలు సాధ్యమగును. గ్లాసులపై అంకెలు మాత్రమే వ్రాయుము. నీరంతయు ఒకే చల్లదనములో ఉండవలెను. లేనిచో నాలుక రుచిని గాక చల్లదనమును పట్టుకొనును. ఏ గ్లాసులో ఏ నీరున్నదో తెలిసినవాడు రుచి చూచువారి ఎదుట నిలువరాదు. అతని ముఖమే జవాబు చెప్పును! "మూడింటిలో వేరుగా ఉన్నది ఏది?" అని మాత్రమే అడుగవలెను. తెలియనివారు కూడ ఏదో ఒకటి ఎన్నవలెను.

ఇప్పుడు లెక్క చూతము. ఏమియు తెలియకుండ ఊహించినవానికి సరియైన జవాబు వచ్చు అవకాశము మూడింట ఒకటి. పదిమందిలో ముగ్గురు, నలుగురు అదృష్టము వల్లనే గెలువవచ్చును. ఏడుగురు లేక అంతకు మించి గెలుచుట, కేవలము ఊహ వలన అయినచో, నూరు పరీక్షలలో సుమారు రెండు పర్యాయములే జరుగును. కనుక ఏడుగురు చెప్పగలిగినచో భేదము నిజముగా తెలియుచున్నదని నమ్మవచ్చును. అంతకు తక్కువయినచో భేదము లేదని రుజువైనట్లు కాదు. ఈ పరీక్షలో అది తేలలేదని మాత్రమే అర్థము.

భేదము తేలినచో ఇంకొకటి చేయుము. కుళాయి నీటిని వెడల్పు పాత్రలో, పలుచని గుడ్డ కప్పి, ఒక రాత్రి ఉంచి మరల పరీక్షించుము. క్లోరిను చాల వరకు గాలిలో కలిసిపోవును. అప్పుడు గుర్తించువారు తగ్గినచో, మొదట తీర్పు చెప్పినది నాలుక కంటె ముక్కే అయియుండవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి మిగిలినది. ఈ పరీక్ష రుచికే గాని ఆరోగ్యమునకు కాదు. భారత ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరు నీటి వసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. ఆ హద్దు దాటినను నాలుకకు ఏమియు తెలియదు. నల్లగొండ జిల్లా పల్లెలలో ఎందరి పళ్ళనో, ఎముకలనో పాడుచేసినది అట్టి నీరే. వ్యాధి కలిగించు సూక్ష్మజీవులకును రుచి లేదు. నీరు తియ్యగా ఉన్నంత మాత్రమున మంచిదని అనుకొనరాదు. క్లోరిను వాసన కొద్దిగా తగిలినంత మాత్రమున చెడ్డదనియు అనుకొనరాదు.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును ఒక పీరియడులో చేయించవచ్చును. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, సంభావ్యత, మూడును ఒకే బల్ల మీదికి వచ్చును. క్యాను కొనవలెనా, వద్దా అన్నది ఆ తరువాత ఇంటివారు నిర్ణయించుకొందురు. రుచి సంగతి మూడు గ్లాసులు చెప్పును. నీటి మంచిచెడ్డలు ప్రయోగశాలయే చెప్పవలెను.