సహనశీలి చూ షిన్‌సూ

బేస్‌బాల్ క్రీడ మన ప్రాంతంలో అంతగా ప్రచారంలో లేదు. అయినా క్రికెట్ తెలిసినవారికి దాని స్వరూపాన్ని గ్రహించడం కష్టం కాదు. ఇందులోనూ ఒకరు బంతి విసురుతారు. మరొకరు బ్యాటుతో కొడతారు. తక్కినవారు మైదానాన్ని కాచుకొని ఉంటారు. బంతి విసిరే ఆటగాణ్ణి పిచర్ అంటారు. మైదానపు వెలుపలి భాగంలో ఎడమ, నడిమి, కుడి దిక్కులను కాపాడే ముగ్గురినీ అవుట్‌ఫీల్డర్లు అంటారు. ఎగసివచ్చే బంతిని పరుగెత్తి అందుకొనే వేగమూ, అంత దూరం నుండి గురి తప్పక విసరగల భుజబలమూ వీరికి అవసరం. ఈ స్థానంలో నిలిచి అమెరికా మేజర్ లీగులో 16 సీజన్లపాటు ఆడిన కొరియా క్రీడాకారుడు చూ షిన్‌సూ.

దక్షిణ కొరియాలోని ప్రసిద్ధమైన రేవుపట్టణం బుసాన్. అక్కడ 1982 జూలై 13న చూ జన్మించారు. ఆయన మేనమామ పార్క్ జంగ్‌తే ఆ నగరపు జట్టు లోట్టే జెయింట్స్‌లో పేరొందిన ఆటగాడు. బాల్యం నుండే చూ ఆ క్రీడపై మక్కువ పెంచుకొన్నారు. 2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో ప్రపంచ జూనియర్ పోటీలు జరిగాయి. కొరియా విజేతగా నిలిచింది. ఎడమచేతి పిచర్‌గా అద్భుతంగా రాణించిన చూ ఉత్తమ క్రీడాకారుడిగా ఎంపికయ్యారు.

అమెరికాలోని సియాటిల్ మారినర్స్ సంస్థ 13 లక్షల డాలర్లకు పైగా చెల్లించి ఆయనతో ఒప్పందం చేసుకొంది. అయితే ఆ సంస్థ ఆయనను పిచర్‌గా గాక అవుట్‌ఫీల్డర్‌గా తీర్చిదిద్దదలచింది. కీర్తి తెచ్చిన విద్యను పక్కనపెట్టి, భాష తెలియని దేశంలో మరొక విద్యను మొదటి నుండి అభ్యసించడం సామాన్యమైన విషయం కాదు. దిగువశ్రేణి జట్లలో ఏళ్ళ తరబడి శ్రమించిన పిమ్మట 2005 ఏప్రిల్‌లో ఆయన మేజర్ లీగులో అడుగుపెట్టారు. అప్పటికే సియాటిల్ జట్టులో కుడిదిక్కున జపాన్ దిగ్గజం ఇచిరో సుజుకీ సుస్థిరంగా నిలిచి ఉన్నారు. అందువల్ల చూకు అవకాశాలు అరుదుగానే లభించాయి. 2006 జూలైలో మారినర్స్ ఆయనను క్లీవ్‌లాండ్ జట్టుకు బదిలీ చేసింది. కొత్త జట్టు తరఫున ఆడిన తొలి ఆటలోనే, తనను వదులుకొన్న సియాటిల్‌పై ఆయన హోమ్ రన్ కొట్టారు. క్లీవ్‌లాండ్ 1–0తో గెలిచిన ఆ ఆటలో నమోదైన ఏకైక పరుగు అదే.

2007లో మోచేతికి శస్త్రచికిత్స జరిగినా ఆయన కుంగిపోలేదు. 2009లో 20 హోమ్ రన్లు కొట్టి, 21 పర్యాయాలు ప్రత్యర్థుల కన్నుగప్పి తదుపరి బేస్‌ను చేజిక్కించుకొన్నారు. బలమూ వేగమూ కలగలిసిన ఇట్టి ఘనతను మేజర్ లీగులో సాధించిన తొలి ఆసియా క్రీడాకారుడు ఆయనే. మరుసటి ఏడు మళ్ళీ ఆ ఘనత సాధించారు.

ఇంతలో ఒక చిక్కు ఎదురుపడింది. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులైన యువకులందరూ అప్పట్లో దాదాపు రెండేళ్ళు సైనికసేవ చేయవలసి ఉండేది. క్రీడాకారునికి ఉచ్చదశలో రెండేళ్ళ విరామం తీరని నష్టం. ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన వారికి మాత్రం ఆ నిర్బంధం నుండి మినహాయింపు లభిస్తుంది. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆ క్రీడల్లో చూ ప్రముఖపాత్ర వహించగా కొరియా స్వర్ణం గెలిచింది. దేశానికి పతకమూ, ఆయనకు మినహాయింపూ ఒకేసారి దక్కాయి.

చూ ఆటలోని విశిష్టత ఆయన సహనంలో ఉంది. బ్యాటుకు అనువైన పరిధి దాటి వచ్చే బంతులను కొట్టకుండా విడిచిపెడితే, అట్టి బంతులు నాలుగు కాగానే ఆటగానికి మొదటి బేస్ లభిస్తుంది. 2013లో సిన్సినాటి తరఫున ఆయన ఈ విధంగా 112 పర్యాయాలు బేస్ చేరారు. మరో 26 పర్యాయాలు బంతి దెబ్బలు తిని చేరారు. ఆ ఏడాది చివర టెక్సాస్ రేంజర్స్ ఏడేళ్ళకు 13 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. 2018లో ఆయన వరుసగా 52 ఆటల్లో బేస్ చేరి, ఆల్‌స్టార్ గౌరవం పొందారు.

2020లో కరోనా వల్ల క్రీడలు స్తంభించి, దిగువశ్రేణి ఆటగాళ్ళకు జీవనం భారమైంది. ఆ శ్రేణిలో కష్టాలను అనుభవించిన చూ, తన సంస్థకు చెందిన 191 మందికి తలకు వెయ్యి డాలర్లు అందజేశారు. ఆ ఏడాదితో ఆయన మేజర్ లీగు ప్రస్థానం ముగిసింది. మొత్తం 1,652 ఆటల్లో ఆయన కొట్టిన హోమ్ రన్లు 218. ఆసియా క్రీడాకారుల్లో అదే అత్యధికం. 2024లో షోహేయ్ ఒహ్తానీ దానిని అధిగమించారు.

2021లో చూ స్వదేశంలోని ఎస్‌ఎస్‌జీ లాండర్స్ జట్టులో చేరారు. అమెరికాలో అందని విజేత కిరీటం 2022లో, నలభయ్యో ఏట, మాతృభూమిలో లభించింది. కనీస వేతనానికి ఒప్పుకొని, దానిని సైతం దానమిచ్చి 2024లో చివరి సీజన్ ఆడి విరమించారు.

వచ్చిన ప్రతి బంతినీ కొట్టబోయేవాడు త్వరగా ఓడిపోతాడు. తగిన బంతి కోసం వేచి ఉండగలవాడే నిలుస్తాడు. చూ షిన్‌సూ మైదానంలో పాటించిన ఈ నియమం విద్యార్థులకూ శిరోధార్యం.