జకూమాలో మళ్లీ గున్నల సందడి

సహారా ఎడారికీ, మధ్య ఆఫ్రికా వర్షారణ్యాలకూ నడుమ, చాద్ దేశపు ఆగ్నేయ భాగంలో జకూమా జాతీయ పార్కు ఉంది. రాజధాని ఎన్జమీనా నుంచి రోడ్డు మార్గాన సుమారు 800 కిలోమీటర్లు. 1963లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 3,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. జూన్ నుంచి అక్టోబరు దాకా కురిసే వానలకు సలామత్ నది, దాని పాయలు పొంగి నేల చాలామటుకు నీట మునుగుతుంది. ఆ రోజుల్లో బండి కదలదు. పర్యాటకులు వచ్చేది నేల ఆరిన తరువాతే, అదీ కొద్దిమందే.

ఎండలు ముదిరేకొద్దీ మిగిలిన మడుగుల చుట్టూ ప్రాణికోటి గుమిగూడుతుంది. అడవి దున్నలు, రోన్ జింకలు, సింహాలు, మొసళ్లు అన్నింటికీ ఆ నీరే దిక్కు. గూడబాతులు, నల్లని కిరీటపు కొంగలు వేల సంఖ్యలో దిగుతాయి. సాయంవేళ క్వీలియా పిట్టలు లక్షలాదిగా పొగమబ్బులా లేస్తాయి. మన గిజిగాడికి దాయాదులైన ఈ పిట్టలు వాలితే బరువుకు కొమ్మలు వంగిపోతాయి. ఇదే దండు చేల మీద పడితే రైతుకు మిగిలేది గడ్డే! ప్రపంచంలో మిగిలివున్న కొర్దోఫాన్ జిరాఫీలలో దాదాపు సగం ఈ పార్కులోనివే.

అయితే జకూమా పేరు లోకానికి తెలిసింది ఏనుగుల విషాదంతో. 2000ల తొలి సంవత్సరాల్లో ఇక్కడ సుమారు 4,000 ఏనుగులుండేవి. 2010 నాటికి మిగిలినవి 450 మాత్రమే. సూడాన్ వైపు నుంచి గుర్రాలపై వచ్చే సాయుధ ముఠాలు దంతాల కోసం మందలకు మందలనే కాల్చివేశాయి. బతికినవి భయంతో ఒకే మందగా ముడుచుకుపోయాయి. వాటి సంతానోత్పత్తి దాదాపు నిలిచిపోయింది. సుమారు 22 నెలలు గర్భం మోసే జంతువు అది. నిత్యం పరుగులోనే ఉంటే గున్నలెలా పుడతాయి?

2010లో చాద్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని ‘ఆఫ్రికన్ పార్క్స్’ సంస్థ నిర్వహణ చేపట్టింది. అంతకు ముందు వానాకాలం రాగానే సిబ్బంది వెనక్కి వెళ్లిపోయేవారు. ఏనుగులు పార్కు హద్దులు దాటి మెట్ట ప్రాంతాలకు వలసపోయేదీ, వేటగాళ్లు కాపువేసేదీ అప్పుడే. కొత్త యాజమాన్యం ఏడాది పొడవునా కాపలా పెట్టింది. ఏనుగుల మెడలకు ఉపగ్రహ పట్టీలు తగిలించింది. గార్డులకు గుర్రాలిచ్చింది. వేటగాళ్ల జాడ తెలిస్తే చెప్పమని గ్రామాలకు రేడియోలు అందజేసింది.

దీనికి రక్తంతో మూల్యం చెల్లించవలసి వచ్చింది. 2012 సెప్టెంబరులో హెబాన్ శిబిరం వద్ద తెల్లవారుజామున ప్రార్థనలో ఉన్న ఆరుగురు గార్డులను ముఠా కాల్చిచంపింది. కాపలా మాత్రం ఆగలేదు. 2014 ఫిబ్రవరిలో నాటి అధ్యక్షుడు ఇద్రిస్ దేబీ జకూమాలోనే టన్నుకు పైగా దంతాలను తగులబెట్టించారు. 2018 నాటికి ఏనుగుల సంఖ్య 559కి చేరింది. వాటిలో మూడేళ్లలోపు గున్నలు వందకు పైమాటే. తుపాకి మోత తగ్గిందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

అన్నీ ఇలాగే ఫలించాయనలేము. 1970ల తొలినాళ్లలో చాద్‌లో అంతరించిన నల్ల ఖడ్గమృగాన్ని తిరిగి నిలపాలని 2018 మే నెలలో దక్షిణాఫ్రికా నుంచి ఆరింటిని తెచ్చారు. కొత్త మేతకు అలవాటుపడలేక కొద్ది నెలల్లోనే నాలుగు మరణించాయి. 2023 డిసెంబరులో మరో ఐదింటిని తెచ్చారు.

పర్యాటక రాబడి ఇంతటి కాపలాకు ఏమూలకూ చాలదు. యూరోపియన్ యూనియన్ వంటి దాతల నిధులే ఆధారం. స్థానికులకు ఉద్యోగాలు దొరుకుతున్నా, బయటి సొమ్ము మీద నిలిచిన ఏర్పాటు ఎంత గట్టిదన్న సందేహం సహజం. పైగా 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో రాజుకున్న యుద్ధం లక్షలాది శరణార్థులను తూర్పు చాద్‌లోకి నెట్టింది. ఆయుధాలకు కొరత లేని సరిహద్దు అది. తొలకరి పడగానే పర్యాటకుల గుడారాలు ఎత్తేస్తారు. ఏనుగులు గున్నలను నడుమ ఉంచుకుని హద్దులు దాటుతాయి. గార్డులు గుర్రాలెక్కి బురదలో వాటి వెంట సాగుతారు.