వడగాలి: ఒక మాట, రెండు అర్థాలు

వడ అంటే ఎండవేడి. ఆ వేడిని మోసుకొచ్చే గాలి వడగాలి. అది తగిలి మనిషి పడిపోతే వడదెబ్బ. పల్లెల్లో ఈ మాటకు అర్థం సూటిగా ఉంటుంది: రోహిణి కార్తె మధ్యాహ్నం పడమటి నుంచి ముఖానికి సెగలా కొట్టే పొడిగాలి. ఉత్తరాదిలో దీన్నే ‘లూ’ అంటారు.

వార్తల్లో వినబడే ‘వడగాలులు’ వేరు. వాతావరణ శాఖ లెక్కలో అది గాలి వేగానికి కాదు, ఉష్ణోగ్రతకు సంబంధించినది. పగటి గరిష్ఠం మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండల్లో 30 ఉండి, ఆ రోజుల మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి, పెరుగుదల 6.4 దాటితే తీవ్ర వడగాలి. మామూలుతో పనిలేకుండా 45 డిగ్రీలకు చేరినా వడగాలే. కాబట్టి ఆకు కదలని రోజున కూడా వడగాలి హెచ్చరిక రావచ్చు.

కోస్తాలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఒడ్డెక్కి వేడిని తగ్గించాలి. పడమటి పొడిగాలి బలంగా ఉన్న రోజు దానికి దారి దొరకదు. పైగా ఆ గాలి తూర్పు కనుమలు దిగేటప్పుడు ఒత్తిడికి లోనై, కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

మామూలుగా గాలి తగిలితే హాయి. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. 43 డిగ్రీల గాలి మాత్రం వేడిని ఒంట్లోకే ఎక్కిస్తుంది. అప్పుడు కాపాడేది చెమట ఒక్కటే: లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. పొడిగాలిలో చెమట పట్టినట్టే కనబడదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. చొక్కా వీపున తెల్లని ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగ తాగమనేది ఇందుకే. 2015 మేలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే.

ఈ రెండు అర్థాల్లోనూ ఇమడనిది ఉక్కపోత. తీరాన 36 డిగ్రీలే ఉన్నా, గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అది వడగాలి హద్దుల్లోకి రాదు గనుక, వేడి, తేమ కలిసిన వాతావరణానికి వాతావరణ శాఖ విడిగా హెచ్చరిక ఇస్తుంది.