చదివినంతనే మారెడు పలక

రుద్రవరము వంటి పల్లెలలో చదువుకొన్నవారికి పలకను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక పొడవైన గోడ వెంబడి 65,536 పలకలను వరుసగా నిలిపి, సున్న మొదలుకొని ప్రతి పలకకు ఒక సంఖ్య నిచ్చినట్లు ఊహింపుడు. కంప్యూటరు మెమరీ స్థూలముగా అటువంటిదే. ఆ సంఖ్యను చిరునామా అందుము. ఉర్దూ విభాగపు మిత్రులు పతా అనుకొనవచ్చును. పలకపై అయిదు వ్రాసినచో, ఎన్నిమార్లు చదివినను అయిదే కనబడును. ఇప్పుడు ఆ వరుసలో ఒక పలకను తొలగించి, ఆ స్థానమున తపాలా పెట్టె నుంచినారనుకొనుడు. దానికిని ఒక సంఖ్య కలదు. కాని అందులోని ఉత్తరమును ఒకరు తీసికొన్న పిమ్మట రెండవవారికి అది దొరకదు.

కీబోర్డు, తెర మొదలైన పరికరములను కంప్యూటరుకు జతపరచు పద్ధతులలో ఇది యొకటి. మన కళాశాలలలో బోధించు 8085 ప్రాసెసరునకు పరికరముల కొరకు ఇన్, అవుట్ అను ప్రత్యేక ఆదేశములు కలవు. 1970లో అమెరికాలో వెలువడిన పి.డి.పి.-11 యంత్రములో అట్టి ఆదేశములు లేవు. చిరునామాల వరుసలోని చివరి భాగమును పరికరములకు విడిచిపెట్టిరి. చెన్నై ఐ.ఐ.టి.లో రూపొందిన శక్తి ప్రాసెసర్లు అనుసరించు రిస్క్-ఫైవ్ పద్ధతియు ఇదే త్రోవ. దీనినే మెమరీ మ్యాపింగ్ అందురు.

యేల్ పాట్, సంజయ్ పటేల్ అను ఆచార్యులు విద్యార్థుల కొరకు కల్పించిన ఎల్.సి.-3 అను చిన్న యంత్రము అభ్యాసమునకు మిక్కిలి అనుకూలమైనది. పదహారు మూలముగా గల లెక్కలో ఎఫ్‌ఇ00 అను చిరునామా మొదలు చివరి వరకు పరికరములదే. ఎఫ్‌ఇ00లోని 15వ బిట్టు ఒకటి అయినచో కీబోర్డుపై అక్షరము నొక్కబడినదని అర్థము. ఆ అక్షరము ఎఫ్‌ఇ02లో నుండును. దానిని ప్రోగ్రాము చదివినంతనే మొదటి చిరునామాలోని బిట్టు సున్న యగును. అనగా పెట్టె ఖాళీ.

ఈ యంత్రమును అనుకరించు ప్రోగ్రామును, అనగా సిమ్యులేటరును, మా విద్యార్థులు కొందరు వ్రాసిరి. ప్రతి చిరునామాలో ఒక సంఖ్యను వ్రాసి, తిరిగి చదివి, రెండును సరిపోయినవా యని పరీక్షించిరి. అన్నియు ఉత్తీర్ణములే! సంతోషముతో, నొక్కిన అక్షరమును తెరపై చూపు చిన్న ప్రోగ్రామును నడిపించిరి. ఒక్కమారు నొక్కిన అక్షరము తెర నిండునంతవరకు వచ్చుచునే యుండెను. వారు పెట్టెను సైతము పలకగానే వ్రాసిరి. బిట్టును సున్న చేయువారు లేరు. పరీక్షయు పలకలకు తగినదే గనుక దోషము బయటపడలేదు. తప్పు చేసినవాని ఊహతోనే పరీక్షను కూడ వ్రాసినచో అది తప్పునకు సాక్ష్యము చెప్పునే గాని పట్టియీయదు.

సరియైన యూనిట్ టెస్టు, అనగా ఒక్కొక్క భాగమును విడదీసి చేయు పరీక్ష, ఇట్లుండవలెను. నిజమైన కీబోర్డునకు బదులు, ముందుగా నిర్ణయించిన అక్షరము నిచ్చు నకిలీ కీబోర్డును అమర్చవలెను. మనిషి వ్రేలి కొరకు కాచుకొనియుండు పరీక్ష ప్రతిమారు ఒకే తీరున నడువదు. మొదట 15వ బిట్టు ఒకటి అయినదా చూడవలెను. ఆ బిట్టును మరల చదివినను అది మారరాదు, ఏలయన పెట్టెలో ఉత్తరమున్నదా యని తొంగిచూచుట వేరు, తీసికొనుట వేరు. పిదప అక్షరమును చదివి, అది నకిలీ కీబోర్డు ఇచ్చినదేనా యని పోల్చి, బిట్టు సున్న అయినదని నిర్ధారించుకొనవలెను. సరిహద్దును మరువరాదు: ఎఫ్‌డిఎఫ్‌ఎఫ్ వట్టి పలకగాను, దాని ప్రక్కనున్న ఎఫ్‌ఇ00 పరికరముగాను వర్తింపవలెను.

ఇంతయు చేసిన తరువాత మరియొక వింత జరిగినది. పరీక్షలన్నియు నెగ్గుచున్నను, యంత్రమును ఒక్కొక్క అడుగుగా నడిపించినప్పుడు మాత్రము అక్షరములు మాయమగుచుండెను. దొంగ ఎవరో తెలియుటకు రెండు సాయంకాలములు పట్టినది. మెమరీలో ఏమున్నదో మనకు చూపుటకై సిమ్యులేటరు ప్రతి అడుగునను అన్ని చిరునామాలను చదువుచున్నది. ప్రోగ్రాముకన్న ముందే ఉత్తరమును తానే తీసివేయుచున్నది! అందుచేత యంత్రము చదువుటకు ఒకటి, మనము వట్టిగా చూచుటకు ఒకటి, రెండు వేర్వేరు ద్వారములను ఏర్పరచిరి. వందమారులు చూచిన తరువాతను అక్షరము ప్రోగ్రామునకు అందవలెనను పరీక్షను ఆనాడే చేర్చిరి.

ఇక మిగిలినది ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఇ. దానిలోని 15వ బిట్టును సున్న చేసినచో యంత్రపు గడియారమే ఆగిపోవును. ఆ పరీక్షను ప్రస్తుతము రెండవ సంవత్సరము విద్యార్థులు వ్రాయుచున్నారు.