ద్వీపము, దీపస్తంభము, బాలకథ

సముద్రమునకు దూరమైన సీమలందలి బాలురకు ద్వీపకథ లేల రుచించునను ప్రశ్నము విచారింపదగినది. కందనవోలు, కడప ప్రాంతములు మెట్టసీమలు. వానలు తక్కువ, బావినీటికొఱకు ఎదురుచూచు చేలు ఎక్కువ. అట్టిచోట పెరిగిన బాలునకు నలుదిక్కుల నీరే గల భూమిని గూర్చి చెప్పినచో, ఎన్నడు చూడని వస్తువును చెప్పినట్లే యగునని పలువురు తలంతురు. అందుచేతనే యిట్టి కథలు కోస్తావారికో, విదేశీయులకో తగినవనియు, మెట్టసీమ బాలునకు పరాయివనియు వాదము పుట్టుచుండును. శబ్దవ్యుత్పత్తిని బట్టి చూచిన నీ వాదము నిలువదు.

ద్వీపశబ్దమున సముద్రవాచక మేదియు లేదు. ‘ద్వి’ శబ్దమును నీటిని దెలుపు ‘అప్’ శబ్దమును కూడగా నేర్పడిన పదమిది. రెండు ప్రక్కల నీరు గల చోటని యర్థము. ద్వి, అంతర్ అను శబ్దములకును, ఉపసర్గములకును పరమైన అప్ శబ్దముయొక్క మొదటి అకారమునకు ఈకారము వచ్చునని పాణిని యష్టాధ్యాయి యాఱవ యధ్యాయము తృతీయపాదమున విధించెను. ఆ విధిచేతనే ద్వీపము, అంతరీపము, సమీపము అను రూపములు సిద్ధించుచున్నవి. సమీపమనగా మొదట నీళ్లు కూడియున్న చోటు. పిమ్మట చేరువ యను నర్థమున రూఢమయ్యెను. దవ్వైనదానిని దెలుపునట్లు తోచు ద్వీపశబ్దమును, దగ్గఱి దానిని దెలుపు సమీపశబ్దమును ఒక్క సూత్రమునకే లక్ష్యములగుట గమనింపదగినది.

దాని వెనువెంటనే గల సూత్రము, ‘అను’ అను నుపసర్గమునకు పరమైనపుడు, దేశార్థమున ఈకారమునకు మాఱుగా ఊకారమును విధించుచున్నది. దానివలన ‘అనూప’మను రూపము సిద్ధించును. అనూపమనగా నీరు సమృద్ధిగా గల నేల. దీని కెదురైనది జాంగలము, అనగా నీరు చాలని మెట్టనేల.

ఈ పదము లన్నిటికిని కన్నులయెదుట నుదాహరణము చూపదగిన స్థలము మహానంది. ఇది పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 2022లో నేర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. నల్లమలకొండల పాదమున నున్న యీ క్షేత్రమున నూటనీరు సంవత్సరము పొడవునను పాఱుచుండును. ఆలయములోని కోనేరు సుమారు 60 అడుగుల చదరము. నీటిలోతు సుమారు 5 అడుగులు. వచ్చిన నీరు వచ్చినట్లే వెలికి పోవుటకు దారు లుండుటచే నామట్టము హెచ్చదు, తగ్గదు. నీరు తేటయగుటచే నడుగున నున్న చిన్న వస్తువును గూడ కనబడును. వెలికి పోవు నీటిచే సుమారు 2,000 ఎకరముల నేల సాగగుచున్నది. వరియు, అరటితోటలును అచ్చట ప్రసిద్ధములు. జాంగలమధ్యమున నిది యనూపము. కోనేటినడుమ నీటిలో నిలిచిన చిన్న మండపమును జూచిన బాలునకు ద్వీపశబ్దమున కర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. అమరసింహుడు నీటిలోపలి తటమును ద్వీపమనియు, నంతరీపమనియు చెప్పినాడు. ఆ మాట వల్లించుటకు ముందే కంటితో తెలియును.

ఇక కథల సంగతి. తెలుగువారి ఇండ్లలో చిరకాలమునుండి చెప్పబడుచున్న బాలనాగమ్మకథలో మాయలఫకీరు ప్రాణము అతని శరీరమున లేదు. ఏడు సముద్రముల కవ్వల నొక చెట్టు, ఆ చెట్టుతొఱ్ఱలో నొక చిలుక, ఆ చిలుకయందు ప్రాణము. పెద్దలు చేయలేని పనిని సాధించుటకు బాలవర్ధి యను పసివాడు బయలుదేఱును. ఇందు వస్తువు లన్నియు ఒకదానిలో నొకటి యిమిడియున్నవి. నీటిలోపల నేల, నేలమీద చెట్టు, చెట్టులో తొఱ్ఱ, తొఱ్ఱలో చిలుక. అంతరీపశబ్దములోని ‘అంతర్’ అనుదాని కిది కథారూపమైన వ్యాఖ్యానము. వినుచున్న బాలుడు సముద్రమును జూడకున్నను, లోపల దాచిన వస్తువును వెదకుట యెట్టిదో యెఱుగును. ఆ యెఱుకయే యీ కథకు ప్రాణము.

పాశ్చాత్యుల బాలవాఙ్మయమునందును ఈ లక్షణమే కానబడును. 1719లో వెలువడిన డీఫో కథ రాబిన్సన్ క్రూసో పిల్లలకై వ్రాయబడినది కాదు. అయినను పిల్లలు దానిని తమదిగా చేసికొనిరి. 1762లో రూసో తన విద్యాగ్రంథమున, ఎమీలునకు మొదట చదువదగిన పుస్తకముగా దానినే చెప్పెను. తరువాత పుస్తకరూపమున 1883లో వచ్చిన రాబర్టు లూయీ స్టీవెన్‌సన్ గ్రంథమును నండూరి రామమోహనరావుగారు ‘కాంచన ద్వీపం’ అను పేర తెనిగించిరి. ఆ గ్రంథముయొక్క పుట్టుక వినదగినది. 1881లో స్కాట్లండు కొండప్రాంతమున వానలచే నింటిలో చిక్కువడియుండి, స్టీవెన్‌సన్ తన సవతికొడుకు వినోదమునకై యొక దీవి పటమును గీసి రంగులు వేసెను. ఆ పటములోని కొండలు, వాగులు, రేవులు చూడగా చూడగా కథ దానంతట నదే పుట్టెను. పటము ముందు, కథ వెనుక.

ఆ పటమునకును దీపస్తంభములకును సంబంధము గలదు. స్టీవెన్‌సన్ వంశీయులు దీపస్తంభములు కట్టిన యింజనీరులు. తాత రాబర్టు స్టీవెన్‌సన్ పర్యవేక్షణమున 1807లో నారంభమైన బెల్ రాక్ దీపస్తంభము 1811 ఫిబ్రవరి 1న వెలిగింపబడెను. అది తీరమునకు సుమారు 18 కిలోమీటర్ల దూరమున, పోటుసమయమున పూర్తిగా మునిగిపోవు రాతిమీద నిలిచినది. ఆటుసమయమున రాయి బయటపడిన కొన్ని గంటలలోనే పునాదిపని సాగవలసియుండెను. మనుమడును ఆ విద్యనే యభ్యసించి, 1871లో దీపస్తంభముల వెలుగును గూర్చి యొక పండితసభలో వ్యాసము చదివి బహుమానము నొందెను. ఆ యేటనే ఆ వృత్తిని విడిచెను. అయినను వంశవిద్య యతనిని విడువలేదు. మొదటి పటము ప్రకటనకర్తలకు పంపగా పోయినది. రెండవది దీపస్తంభముల యింజనీరగు తండ్రి కార్యాలయముననే గీయబడెను. కథలోని నావికుని పెట్టెయం దుండదగిన వస్తువుల పట్టికను గూడ తండ్రియే వ్రాసి యిచ్చెను. రాళ్లను, లోతులను కొలిచినవారి యింట పుట్టిన కథ గనుక అందలి దీవి కొలతకు నిలుచును.

దీపము, ద్వీపము అను పదములు ధ్వనిచే దగ్గఱవైనను వ్యుత్పత్తిచే వేఱు. మొదటిది వెలుగుట యను నర్థము గల ‘దీప్’ ధాతువునుండి పుట్టినది. కాని పాలీభాషలో రెండును ‘దీప’ మను నొకే రూపము నొందెను. బుద్ధుని కడపటి యుపదేశమున వచ్చు నీ పదమును కొందఱు దీపమనియు, కొందఱు ద్వీపమనియు వ్యాఖ్యానించిరి. తెలుగున ద్వీపమునకు దీవి, దీపమునకు దివ్వె తద్భవములు; రూపమున రెండును తోబుట్టువులవలె నున్నవి. వ్యాకరణమున వేఱైన యీ రెండర్థములును నీటినడుమ రాతిపై వెలుగు దీపస్తంభమున నొకచోట కూడినవి.

తెలుగుతీరమునను ఇట్టివి కలవు. విజయనగరము జిల్లాలోని చింతపల్లికడ గుట్టమీద 1847లో నొక దీపస్తంభము వెలసెను. నీటిలో దాగిన రాళ్ల ఉనికిని నావికులకు తెలుపుట దాని పని. మెట్టసీమలో దీని కెనయైనది లేదనరాదు. కార్తికమాసమున శివాలయములందు ధ్వజస్తంభమున కెత్తు ఆకాశదీపము దూరమునుండి వచ్చు బాటసారికి గుడి యున్న దిక్కును జూపును. ప్రయోజనములు వేఱైనను, ఎత్తున నిలిచిన వెలుగు చీకటిలో నున్నవానికి తానున్న చోటు తెలుపుట రెండింటను సమానము.

కావున ద్వీపకథ మెట్టసీమ బాలునకు పరాయిదికాదు. ద్వీపమనగా నెల్ల తెలిసిన లోకము. బాలుడు దానిని చుట్టివచ్చి, అందలి చెట్టును, ఊటను, గుహను లెక్కపెట్టి, తన మనస్సున సమగ్రముగా నిలుపుకొనగలడు. పెద్దల లోకమున కెల్ల కానరాదు. అందుచేతనే చిన్నవాని కీ చిన్నలోకము ప్రియము. పిల్లలకై వ్రాయు తెలుగురచయితలు గ్రహింపవలసిన దిదియే. విదేశపు దీవులను తెనిగించుట మంచిదే. అంతతో నాగక, మహానంది కోనేరును, అందలి మండపమును, నీరు పాఱు కాలువలను, వెనుకనున్న నల్లమలను కొలిచి యొక పటము గీచినచో, ఈ సీమకు తగిన కథ యా పటమునుండియే పుట్టగలదు. అట్లు చేయనిచో ద్వీపమనునది నిఘంటువులోని మాటగా మిగులును. అనూపమను మాటను నీటియొడ్డున నున్న బాలుడును ఎఱుగకపోవును. పదమునకు ప్రమాణము సూత్రమైనను, ఆ పదము బాలుని మనస్సున నిలుచుటకు నీరే ప్రమాణము.