పేల్చని తుపాకికీ నెలకోసారి తుడుపు

తుపాకిని ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి? గ్లాక్ కంపెనీ తన పిస్తోలుతో పాటు ఇచ్చే పుస్తకంలో దీనికి నాలుగు జవాబులున్నాయి. కొత్తది కొన్నాక మొదటిసారి కాల్చే ముందు. కాల్చిన ప్రతిసారీ. కాల్చకపోయినా నెలకోసారి. వాన, చెమట, ఉప్పునీరు, దుమ్ము తగిలినప్పుడల్లా. ‘ఇన్ని తూటాలకోసారి’ అన్న లెక్క అందులో లేదు. ఎందుకంటే తుపాకిని ఎక్కువగా పాడుచేసేది కాల్పులు కాదు, తుప్పు. తుప్పుకు తూటాతో పనిలేదు, తేమ ఉంటే చాలు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట మరీ వర్తిస్తుంది. బ్యాంకు గార్డు భుజాన ఉండే 12 బోరు తుపాకి, పెద్దల కాలం నుంచి బీరువాలో ఉన్న డబుల్ బారెల్, ఆత్మరక్షణకని లైసెన్సు తీసుకున్న .32 రివాల్వరు ఏళ్ల తరబడి పేలకుండానే ఉండిపోతాయి.

కాల్చిన రోజు, ఆపైన 3 రోజులు

తూటా పేలాక గొట్టంలో మూడు రకాల మురికి మిగులుతుంది. మందు కాలిన మసి ఒకటి. గుండు రాసుకుపోతూ వదిలిన సీసమో రాగో రెండోది. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ బూడిద మూడోది. మొదటి రెండూ నిదానంగా పేరుకుని గురిని చెడగొడతాయి. ఉక్కును తినేసే గుణం ఒకప్పుడు మూడోదానికి ఉండేది.

పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. అదీ ఒక రకం ఉప్పే. వానాకాలంలో వంటింటి ఉప్పు చెమ్మగిల్లినట్టు, గాలిలోని తేమను లాగి గొట్టం లోపలి గోడకు పట్టిస్తుంది. అందుకే రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైనికులు కాల్చిన రోజుతో ఆగకుండా, ఆ తర్వాత వరసగా 3 రోజులు గొట్టం తుడవాల్సి వచ్చేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. కాబట్టి ముందు వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, ఆఖరున నూనె రాసేవారు.

ఇప్పటి తూటాల్లో ఎక్కువ భాగం లెడ్ స్టిఫ్‌నేట్ ప్రైమర్లతో వస్తున్నాయి. వాటిలో ఈ ఉప్పు మిగలదు కనుక ఒక్కసారి శుభ్రం చేస్తే సరిపోతుంది. పాత సైనిక నిల్వల తూటాలకు మాత్రం వెనకటి పద్ధతే మంచిది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు మందు సంగతీ అంతే. కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అలాంటి తుపాకిని ఆ రోజే కడగాలి.

1967: వియత్నాం పాఠం

శుభ్రత విషయంలో ఏమరుపాటు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఎం16 కథను మించింది లేదు. 1960ల నడుమ వియత్నాం వెళ్లిన అమెరికా సైనికులకు ఈ కొత్త రైఫిల్ ఇచ్చారు. దీనికి పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న ప్రచారం దానితో పాటే వెళ్లింది. శుభ్రం చేసే సామగ్రి మాత్రం చాలామందికి అందలేదు. అప్పటికే తూటాలో మందు రకం మార్చారు. కొత్త మందుతో మసి పెరిగింది, కాల్పుల వేగమూ పెరిగింది. తూటా కూర్చునే ఛాంబర్‌కు క్రోమియం పూత లేకపోవడంతో అక్కడి తడిగాలికి లోపల తుప్పు గుంటలు పడ్డాయి. పేలిన తూటా గుల్ల ఆ గుంటలకు పట్టుకుని బయటికి రాకపోతే, శత్రువు ఎదురుగా ఉండగా రైఫిల్ మొరాయించేది.

1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ఒకటి విచారణ జరిపి సైన్యం నిర్వాకాన్ని గట్టిగా తప్పుపట్టింది. తర్వాత ఛాంబర్‌కు క్రోమియం పూత వచ్చింది, సామగ్రి అందింది. 1968లో సైన్యం ప్రసిద్ధ కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్‌తో బొమ్మలు గీయించి, రైఫిల్‌ను ఎలా తుడవాలో చెప్పే చిన్న పుస్తకాన్ని సైనికులకు పంచింది.

60 శాతం తేమ

గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉక్కుకు తుప్పు పట్టడం వేగం పుంజుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఏడాదిలో చాలా రోజులు తేమ అంతకు పైనే ఉంటుంది. దానికి సముద్రపు ఉప్పుగాలి తోడు. ఇక చేతి చెమటలోనూ ఉప్పుంది. లోహాన్ని ముట్టుకుని అలాగే పెట్టేస్తే వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తేలుతుంది.

తోలు కవరు చూడ్డానికి బాగుంటుంది గానీ తేమను పట్టి ఉంచుతుంది. తుపాకిని అందులో నెలల తరబడి నిల్వ ఉంచకూడదు. ఎన్నికలప్పుడు లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లో అప్పగించడం మామూలే. వారాల తర్వాత ఇంటికి తెచ్చుకున్న రోజే విప్పి చూసి, తుడిచి, పల్చగా నూనె రాయాలి.

60 గుళ్లు, 4.5 మిల్లీమీటర్లు

క్రీడాకారుల లెక్క వేరు. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు అర్హత పోటీలో 60 గుళ్లు కాల్చాలి. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్లను గాలి ఒత్తిడే తోస్తుంది. మందే లేదు కాబట్టి మసి లేదు. అప్పుడప్పుడు మెత్తటి ఫెల్ట్ ముక్కలను గొట్టంలోంచి పోనిస్తే చాలు. ఘాటైన ద్రావణాలు వాడితే గాలి నిలిపే సీళ్లు పాడవుతాయి.

హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023 ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడేది .22 తూటా. ఈ తూటాలు కాల్చేవారిలో చాలామంది గొట్టాన్ని కొన్ని వందల తూటాలకోసారి మాత్రమే తుడుస్తారు. బాగా తుడిచిన గొట్టంలోంచి వెళ్లే మొదటి కొన్ని గుళ్లు గురి తప్పడం వారికి అనుభవమే. ఛాంబర్, కదిలే భాగాలు మాత్రం సాధన ముగిసిన ప్రతిసారీ తుడవాల్సిందే.

అతి శుభ్రతా చేటే. ఇనుప కడ్డీని గొట్టం మూతి వైపు నుంచి పదేపదే దూరిస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. వీలున్న తుపాకులన్నిటినీ వెనక వైపు నుంచే శుభ్రం చేయాలి. పోలీసులు, సైనికులు వాడే పుల్‌త్రూ పనిచేసేదీ అలాగే: బరువు కట్టిన తాడును ఛాంబర్ వైపు నుంచి జారవిడిచి, గుడ్డముక్కను మూతిలోంచి బయటికి లాగుతారు. .303 రైఫిళ్ల కాలం నుంచీ ఆ గుడ్డ కొలత 4 అంగుళాలు, 2 అంగుళాలు. అందుకే దాని పేరే ‘ఫోర్ బై టూ’.

1 తూటా, 0 తూటాలు

తుడిచేటప్పుడు జరిగే ప్రమాదాలకు సాధారణ కారణం ఆ 1 తూటా. మేగజైన్ తీసేశాక తుపాకి ఖాళీ అయిందనుకుంటారు, ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. ముందు మేగజైన్ తీయాలి, తర్వాత ఛాంబర్ తెరవాలి, కంటితో చూసి చిటికెనవేలితో తడిమి నిర్ధారించుకోవాలి. పని సాగే గదిలో ఉండాల్సిన తూటాల సంఖ్య 0.

మసిలో సీసం ఉంటుంది. పిల్లల రక్తంలో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసం ఉన్నా పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో నిర్ణయించింది. కాబట్టి కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి, అన్నం తినే బల్ల మీద కాకుండా వేరేచోట ఈ పని చేయాలి. ముగించాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఏ తుపాకికి ఎప్పుడు?

- కాల్చిన తుపాకి: అదే రోజు
- పాత నిల్వ తూటాలు కాల్చినది: అదే రోజు నీళ్లతో కడిగి, మరో 3 రోజులు తుడవాలి
- కాల్చకుండా ఇంట్లో ఉన్నది: నెలకోసారి
- తీర జిల్లాల్లో, వానాకాలంలో: రెండు వారాలకోసారి
- వానలో తడిసినది, చెమట పట్టినది: వెంటనే

2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం ప్రకారం మామూలుగా ఒక వ్యక్తికి 2 తుపాకులకే అనుమతి, లైసెన్సు గడువు 5 ఏళ్లు. నెలకోసారి తుడిస్తే ఆ గడువులో ఒక్కో తుపాకికి 60 సార్లు. తుడవడం మీ పని, మరమ్మతు మాత్రం లైసెన్సున్న డీలరుకే అప్పగించండి. ఆ కాస్త సమయం కూడా కేటాయించలేనివారు ఇంట్లో తుపాకి పెట్టుకోకపోవడమే మేలు.